టెల్కోకి పసుపు, సోనారీకి ఆకుపచ్చ

టాటానగర్ స్టేషన్ ముందు మినీబస్సులు ఆగే చోటుకు వెనకాలే రైల్వే క్వార్టర్లు. మొదటి వరసలో చివరింటి వసారాలో ఒక నులకమంచం ఉండేది. దాని మీద మనిషి నడుం వాల్చగా చూసినవాళ్ళు తక్కువ. ఎప్పుడు చూసినా మూటలే. చింతపండు మూట, తాటితాండ్ర చుట్ట, ఆవకాయ జాడీ, గుడ్డలో కట్టిన కొత్త బియ్యం, ఎండుచేపల పొట్లం. ఒకసారి కాళ్ళకు నీలం పీలిక కట్టిన పెట్టకోడి ఒకటి పొద్దుటి నుంచి ఆ మంచం మీదే దర్జాగా కూచుని, గుడ్డు పెట్టి మరీ, కదమా బస్సెక్కి వెళ్ళిపోయింది. వెనకాలే వచ్చిన మరో బస్సులో గుడ్డూ వెళ్ళింది. పోలమ్మ న్యాయం అలాంటిది. ఎవరి సొమ్ము వాళ్ళకే.

పోలమ్మ భర్త తవిటయ్య స్టేషన్లో బాక్స్ పోర్టరు. రైలు గార్డులకు జెండాలూ దీపాలూ పెట్టుకునే బరువైన ఇనప్పెట్టె ఒకటి ఉండేది. దిగిన గార్డు పెట్టెను దింపడం, ఎక్కే గార్డు పెట్టెను ఎక్కించడం అతని పని. కాబట్టి ఆ లైనులో తిరిగే రైల్వేవాళ్ళకు అతన్ని తెలియకపోవడమంటూ లేదు. ఇక శ్రీకాకుళం వైపు నుంచి పనికి వచ్చిన కుటుంబాలైతే టాటా నిండా ఉన్నాయి. ఎవరు పాసు మీద ఊరెళ్ళి తిరిగొస్తున్నా, చుట్టుపక్కల వాళ్ళు "మావోడికి అందించు బాబూ" అంటూ చేతికో మూట తగిలించడం ఆనవాయితీ. ఖరగ్‌పూర్‌లో బండి మారి, మూటను ఒళ్ళో పెట్టుకుని టాటా దాకా తేవడం వరకూ బాగానే ఉంటుంది. ఆ తర్వాతే చిక్కు. టెల్కో ఒక మూల, సోనారి ఇంకో మూల. తెచ్చినవాడికేమో డ్యూటీ వేళవుతూ ఉంటుంది. మొట్టమొదట ఎవరో ఒక మూటను తవిటయ్య దగ్గర వదిలేశారు. తవిటయ్య దాన్ని పెళ్ళాం దగ్గర వదిలేశాడు. ఏం చెయ్యాలో తోచక పోలమ్మ దాన్ని మంచినీళ్ళ కోసం వసారాలోకి వచ్చిన బస్సు కండక్టరు చేతిలో పెట్టింది.

అలా మొదలైంది. ఎవరూ అడగలేదు, ఎవరూ నియమించలేదు. కొన్నాళ్ళకు ఊళ్ళల్లో మాట స్థిరపడిపోయింది. స్టేషన్ దాకా మనిషి తెస్తాడు, ఆ పైన పోలమ్మ చూసుకుంటుంది.

పోలమ్మకు అక్షరం రాదు. కండక్టర్లలో తెలుగు చదివేవాళ్ళు లేరు. మూట మీద చిరునామా రాసినా చదివే దిక్కు లేదు. అందుకని ఆవిడ జుగ్‌సలాయిలో దర్జీ కొట్టు ముందు పడేసే గుడ్డపీలికలు ఏరుకొచ్చింది. ఒక్కో చోటికి ఒక్కో రంగు. గోల్మురికి ఎరుపు, కదమాకి నీలం, టెల్కోకి పసుపు, సోనారీకి ఆకుపచ్చ. పీలిక చూసి కండక్టరు మూట ఎత్తుకుంటాడు. డ్రైవరు సీటు కింద పెడతాడు. అక్కడి స్టాపులో టీ బడ్డీవాడికి ఇస్తాడు. ఎవరి మూట వాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. ఆ వసారాలో కండక్టర్లకు ఎప్పుడూ చల్లటి కుండనీళ్ళు ఉండేవి, అదే కూలి. వాళ్ళందరికీ ఆవిడ మౌసీ, అంటే పిన్ని. బీహారీ కండక్టరైనా, బస్సు తలుపులో వేళ్ళాడే సంతాలీ ఖలాసీ అయినా, సోనారీ బస్సులో మన తెలుగు కుర్రాడు ఆదిబాబైనా, పేరు ఒకటే. స్టేషన్ మౌసీ.

ఇంత చేసినా పోలమ్మ మాత్రం ఆ బస్సుల్లో ఒక్కటి కూడా ఎక్కలేదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆవిడ లోకం స్టేషనూ, జుగ్‌సలాయి సంతా. ఊరికి వెళ్ళాలంటే రైలు. రైలంటే ఆవిడకు భయం లేదు.

"ఊరందరి మూటలకీ దారి సూపిత్తావు. నువ్వు మాత్రం గడప దాటవు" అని తవిటయ్య వేళాకోళం చేసేవాడు.

"రైలుకి పట్టాలున్నాయి. ఆటి మీదే పోవాల, ఆటి మీదే రావాల. బస్సుకేటుంది? డైవరు బుద్ది ఎటు తిరిగితే అటు పోద్ది."

"మరి మూటల్ని ఎలగ పంపుతన్నావు?"

"మూటలకి కడుపులో తిప్పదు కదేటి!"

అయితే వసారాలో కూచుని పొద్దస్తమానం కండక్టర్ల కేకలు వినీ వినీ ఆవిడకు ఊళ్ళోని దారులన్నీ నోటికి వచ్చేశాయి. బియ్యం ఏరుతూ "బర్మామైన్స్, గోల్మురీ, టెల్కో" అని గొణుక్కునేది. మనవలు లేకపోయినా పక్కింటి పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని "బిష్టుపూర్, కదమా, సోనారీ" అని జోకొట్టేది. ఆ పిల్ల నిద్రపోయేది కూడా.

ఎనభై రెండో సంవత్సరం, వానలు అప్పుడే మొదలైన రోజులు. ఖరగ్‌పూర్ నుంచి వచ్చే పొద్దుటి బండిలో దిగిన నారాయణమూర్తి రెండు మూటలు తెచ్చి మంచం మీద పెట్టాడు. అతను రైల్వేలో గుమస్తా, సెలవు మీద ఊరెళ్ళి వస్తున్నాడు.

"ఇది టెల్కో మెస్సులో ఉన్న దేముడికి. ఆళ్ళమ్మ ఎండుసొర పంపింది. వాసన రాకుండా పైన గోనె కట్టించినాను. ఇదేమో..." అంటూ రెండో మూటను రెండు చేతులతో దించాడు. "ఇది సింహాచలమ్మ వదిన పంపింది. నీ సేతికే ఇమ్మంది."

పోలమ్మ ముఖం మారింది. సింహాచలమ్మా ఆవిడా ఒకే వీధిలో పెరిగినవాళ్ళు. సింహాచలమ్మ కూతురు పద్మకుమారిని సోనారీలో ఇచ్చారు. తొలి కాన్పు పుట్టింట జరగాల్సింది. కానీ పిల్లను తీసుకెళ్ళడానికి బయల్దేరాల్సిన వారంలోనే సింహాచలమ్మ తడిగట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. దాంతో పద్మకుమారి ఇక్కడే, అత్తగారి దగ్గరే మగపిల్లాణ్ణి కన్నది. మూట వచ్చిన మర్నాడే పురిటి స్నానం. స్నానం చేసిన బాలింతకు మొదటి కాయం ముద్ద పుట్టింటిదే పెట్టాలని వాళ్ళ వాళ్ళలో పట్టింపు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి, బెల్లం పాకంలో నేతితో ఉడికించిన నల్లటి మందు అది. ఒంట్లో చలవ విరుస్తుంది, ఆకలి పుట్టిస్తుంది. సింహాచలమ్మ మంచంలో ఉండి కూడా దగ్గరుండి చేయించి, కుండలో పెట్టి, పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కొత్త గుడ్డతో మూట కట్టించింది. పురిటికి వెళ్ళేది తెల్లగుడ్డలో పంపకూడదు కదా.

"ఏటంది మా సింహాచలం?" అని అడిగింది పోలమ్మ.

"ఆ వియ్యపరాలి నోరు నీకు తెలుసంట కదా. రేపటికి కాయం అందకపోతే ఆ పిల్ల జన్మంతా మాట పడాలంది. నాను ఎలగూ ఎల్లనేను, నాను నేని లోటు పోలమ్మే సూసుకోవాల అంది."

ఆ వియ్యపరాలు సూర్యకాంతం. భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. సీమంతం నాడే "పుట్టిల్లంటే పేరు చెప్పుకోడానికి ఉందిలెండి" అని నలుగురిలో అన్నదని పోలమ్మ విన్నది. ఆవిడ నోటికి సందు ఇవ్వకూడదు. పోలమ్మ గోనె మూటకు పసుపు పీలిక కట్టింది, పురిటి మూటకు ఆకుపచ్చ పీలిక కట్టింది. రెంటినీ మంచం మీద పక్కపక్కన పెట్టింది. సరిగ్గా అప్పుడే వీధి కొళాయి వచ్చింది. ఆ కొళాయి ఎవరి కోసమూ ఆగేది కాదు. బిందె పుచ్చుకుని పరిగెత్తింది.

ఆ కాస్త సేపట్లోనే రెండు బస్సులు వెళ్ళిపోయాయి. ఆవిడ తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ. సరే, పనైపోయిందనుకుని పొయ్యి రాజేసింది.

మధ్యాహ్నం టెల్కో బస్సు తిరిగి స్టేషన్ చేరింది. కండక్టరు మహతో నీళ్ళకు వచ్చాడు. రోజూ ఒక గ్లాసు తాగేవాడు ఆ వేళ గుక్క తిప్పుకోకుండా మూడు తాగాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందిరా?" అని హిందీలో అడిగింది పోలమ్మ.

"మీ టెల్కోవాళ్ళకు ఈసారి భలే మిఠాయి వచ్చింది మౌసీ. నల్లగా ఉంది. నాకూ ఒక ఉండ పెట్టారు. మంచిదే, కానీ లోపల ఇంజను నడుస్తోంది!"

పోలమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఎండుసొర మిఠాయి ఎప్పుడయింది? మిఠాయి నల్లగా ఎందుకుంది? ఇంజను ఎందుకు నడుస్తోంది? మహతో ఏమీ తప్పు చెయ్యలేదు. దూరం నుంచి మంచం మీద నిగనిగలాడే పసుపు రంగు కనిపించింది. పసుపంటే టెల్కో. ఎత్తుకుపోయాడు. ముడి దగ్గర వేలెడు ఆకుపచ్చ పీలికను చూసే తీరిక ఎవరికుంది, ఖలాసీ బస్సు పక్కన దబదబా బాదుతూ ఉంటే!

అంతలో తవిటయ్య భోజనానికి వచ్చాడు.

"ఆదిబాబుకి మూట నువ్వేనా ఇచ్చినావు?" అని నిలదీసింది.

"నానే. మంచం మీద ఒక్కటే ఉంది. పద్మకి అర్జెంటు సామానని బిందెట్టుకుని పరిగెడతా నువ్వే అన్నావు కదా."

"పీలిక సూడనేదా?"

"సూసినాను. పసుపుంది. కొళాయి తొందర్లో మార్సి కట్టీసినావనుకున్నాను."

"నాను! మార్సి కట్టడం!" పోలమ్మ కూలబడింది. "ఓలమ్మో, పురిటింటికి గోనెసంచిలో ఎండుసొర ఎల్లింది. మగోళ్ళ మెస్సుకి బాలింత కాయం ఎల్లింది. సింహాచలానికి నా మొకం ఎలగ సూపించీది?"

తవిటయ్యకు నవ్వు వచ్చింది గానీ పెళ్ళాం ముఖం చూసి దాన్ని అన్నంతో పాటు మింగేశాడు. "మహతోతో కబురెట్టు. మిగిలింది పంపిత్తారు. సాయంత్రానికి ఆదిబాబు సోనారీ సేరుత్తాడు."

"మూటైతే ఎవుల సేతైనా పంపుదును. ఆ సూర్యకాంతం ముందు నిలబడి, తప్పు పుట్టింటోలది కాదు, నాదీ అని సెప్పడానికి ఎవుల్ని పంపను?"

 బయట మహతో బస్సు హారన్ మోగింది. పోలమ్మ లేచి, పెట్టెలోంచి మంచి చీర తీసింది.

తవిటయ్య నమ్మలేకపోయాడు. నిజంగానే వెళ్తోందని తెలిశాక పీలికల బుట్ట తెచ్చాడు. ఆవిడ కుడి చేతికి పసుపు పీలిక, ఎడమ చేతికి ఆకుపచ్చ పీలిక కట్టాడు. "టెల్కోలో దిగినాక పసుపు ఇప్పీ. అప్పుడు ఆకుపచ్చ మిగుల్తాది. ఏ కండక్టరుకి సూపించినా సోనారీలో దించుతాడు."

"నానేటి, సామానునా?"

"సామానైతే బెంగ నేదు. ఇన్నాళ్ళలో ఒక్క మూటా పోనేదు. మనిసివనే బెంగ."

మౌసీ బస్సెక్కుతోందని తెలిసి స్టాండులో కండక్టర్లందరూ పనులు మానేసి చూశారు. మహతో ముందు సీట్లో కూచున్న ఒక లావుపాటి పెద్దమనిషిని లేపాడు. ఆయన ఎందుకు లేవాలన్నాడు. "పార్సెల్ ఉంది, టెల్కోకి. పగలకూడదు" అన్నాడు మహతో. ఆయన చుట్టూ వెతికాడు. చేతికి పసుపు పీలికతో, రెండు చేతులా కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్న పోలమ్మ తప్ప ఏ పార్సెలూ కనబడలేదు.

ఖలాసీ తలుపు మీద రెండు దెబ్బలు వేశాడు. బస్సు కదిలింది.

"బర్మామైన్స్!" అని కేక వినబడగానే పోలమ్మ కళ్ళు తెరిచింది. అది ఆవిడకు ఎప్పటినుంచో తెలిసిన కేక. కానీ ఆ కేక వెనక ఇలాంటి చోటు ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. చింతచెట్టు కింద ఒక సైకిలు కొట్టు, వానకు గొడుగులు బాగుచేసే ముసలివాడు, గోడ మీద వరసగా మేకపిల్లలు. బర్మామైన్స్ అంటే ఇదా! "గోల్మురీ" అనగానే గబగబా అటు తిరిగింది. గోల్మురిలో బజారు ఉంది, బజారులో గాజుల కొట్టు ఉంది. ఇన్నేళ్ళూ ఉత్త పేర్లుగా జపించినవి ఒక్కొక్కటే గుమ్మాలూ కిటికీలూ పెట్టుకుని ఎదురొస్తుంటే ఆవిడ తన దిగులు కాసేపు మరిచిపోయింది. కడుపులో తిప్పనూ లేదు. తిప్పుతుందేమోనని కొంగున కట్టుకున్న నిమ్మకాయను పక్కనున్న చంటిదానికి ఆడుకోవడానికి ఇచ్చేసింది.

టెల్కో కాలనీలో మహతో ఆవిణ్ణి బస్సు దించి ఊరుకోలేదు. మెస్సు గుమ్మం దాకా తీసుకెళ్ళి "దేముడూ, సంతకం పెట్టి తీసుకో" అని కేకేసి మరీ వెళ్ళాడు.

మెస్సంటే నలుగురైదుగురు పెళ్ళికాని కుర్రాళ్ళు కలిసి వండుకునే రెండు గదులు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్ళు నిద్రపోవాల్సిన వేళ. ఒక్కడూ నిద్రపోలేదు. బనియన్లు విప్పేసి, పెరట్లో కూచుని, పెద్ద గిన్నెలో రెండోసారి వండిన అన్నం తింటున్నారు. దేముడు ఎంగిలి చేత్తోనే లేచాడు.

"పిన్నీ! నువ్వేటి ఇలగొచ్చీసినావు?"

"ఆ నల్ల ఉండలు తినీసినారా?"

"మాయమ్మ నువ్వుల సిమ్మిలి సేసి పంపింది కదా, తిన్నాం. ఈసారెందుకో కారం ఎక్కువెట్టింది. అమ్మ కష్టపడి పంపితే బాగోనేదంటే పాపమని ఎవులం నోరెత్తనేదు. కన్నీల్లు కారుతన్నా నవ్వుకుంటా తిన్నాం. అప్పుటినించి పిన్నీ, ఏటాకలో, ఏటాకలో!"

"అది సిమ్మిలి కాదురా నాయనా. బాలింత కాయం."

అన్నం గిన్నె చుట్టూ చేతులు ఆగిపోయాయి. మూలనున్నవాడు మెల్లిగా అడిగాడు. "మగోలు తింటే ఏటవుతాది పిన్నీ?"

"ఇదిగో, ఇదే అవుతాది" అని గిన్నె వైపు చూపించింది పోలమ్మ. తనకు తెలీకుండానే నవ్వేసింది. తర్వాత భయంగా అడిగింది. "ఏటైనా మిగిలిందేటి?"

మిగిలింది. కుండలో సగానికి పైగానే ఉంది. రాత్రికి దాచుకున్నారట. దేముడు చేతులు కడుక్కుని, తన పెట్టెలోంచి మడత విప్పని కొత్త తువ్వాలు తీసి, కుండను అందులో మూట కట్టాడు. పసుపు గుడ్డకు చేతి మరకలు అయ్యాయి మరి. అంతా అయ్యాక గుర్తొచ్చింది.

"అయితే మాయమ్మ పంపింది ఏదీ?"

"ఆ ఎండుసొర సోనారీలో పురిటింట ఉంది. ఆల్లు ఈపాటికి గుమ్మం బయట పారేసుంటారు."

"పారీకూడదే!" అన్నాడు దేముడు బాధగా. "పాలసొర అది. మాయమ్మ ఏరి మరీ కొంటాది."

పోలమ్మ కుడి చేతి పీలిక విప్పి దేముడికి ఇచ్చింది. ఇక ఆకుపచ్చ ఒక్కటే మిగిలింది.

సాక్చీలో బస్సు మారాలి. దారులన్నీ కలిసే గోలచక్కర్ దగ్గర దిగేసరికి ఎటు చూసినా బస్సులే, ఎటు విన్నా కేకలే. స్టేషన్ దగ్గరైతే ప్రతి గొంతూ తెలిసిందే. ఇక్కడ ఒక్కటీ తెలియదు. కుండను చంకన పెట్టుకుని, ఏం చెయ్యాలో తోచక, ఎడమ చేతిని పైకెత్తి నిలబడింది పోలమ్మ. రెండు బస్సులు చూడకుండానే పోయాయి. మూడోది దాటిపోయి, కీచుమని ఆగి, వెనక్కి వచ్చింది. తలుపులో వేళ్ళాడుతున్న సర్దార్ కుర్రాడు చేతి పీలికను చూశాడు, ముఖాన్ని చూశాడు. ఆ కుర్రాణ్ణి ఆవిడ ఎన్నడూ ఎరగదు.

"అరే, సోనారీ సరుకు! నువ్వు స్టేషన్ మౌసీవా? నీ మూటలు నేనెన్ని మోశానో తెలుసా?" అన్నాడు హిందీలో. ఆ తర్వాత లోపలికి తిరిగి, బస్సంతా మారుమోగేటట్టు కేకేశాడు. "జరగండి, జరగండి! ఈ రోజు మూట బదులు మౌసీయే వచ్చింది!"

బిష్టుపూర్ వచ్చింది, కదమా వచ్చింది. పెట్టకోడి దిగిన చోటు ఇదే కాబోలనుకుంది. అయితే సోనారి దగ్గర పడుతున్న కొద్దీ చూపు బయట నిలవలేదు. నోట్లో మాటలు కూర్చుకోవడం మొదలెట్టింది. వదినా, తప్పు నాది. కాదు, ముందు కుండ ఇవ్వాలి, తర్వాత మాట. కాదు, ముందు మాట. దిగుతూ ఉండగా పక్కనున్న విమానాల మైదానం నుంచి చిన్న విమానం ఒకటి నెత్తి మీదుగా లేచింది. పోలమ్మ ఠక్కున వంగి కుండకు కొంగు కప్పింది.

వీధి మలుపులోనే వాసన తగిలింది. ఎండుసొర.  పారేశారు, వీధంతా కంపు కొడుతోంది అనుకుంది. గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి అది పారేసిన వాసన కాదని అర్థమైంది. వెల్లుల్లీ అల్లమూ వేసి తాలింపు పెట్టిన వాసన.

సూర్యకాంతం గుమ్మంలోనే నిలబడి ఉంది. పొడుగ్గా, నడుం మీద చేయి వేసుకుని. "మీరేనా స్టేషన్ కాడ పోలమ్మంటే?"

"నానే వదినా. ఒక మాట..."

"ముందు నా మాట ఇనండి. సీమంతం నాడు మా వియ్యపరాల్ని నాను ఒక మాటన్నాను. ఇవాళ ఎనక్కి తీసుకున్నానని ఆవిడికి కబురెట్టండి. పిల్లకి పాలు సాలక గుంటడు ఏడుపు. డాట్రు డబ్బా పాలు పట్టమన్నాడు. కాయమొత్తాదని నాను సూత్తంటే, ఆవిడేటి పంపిందీ? బాలింత తింటే పాలు పడీ పాలసొర! టాటా వచ్చినాక పాలసొర మొకం సూడనేదు నాను. పొద్దున్నే ఉడకబెట్టి, సిదిపి, పిట్టు సేసి పిల్లకి పెట్టినాను. గుంటడు మద్దేన్నం కడుపునిండా తాగి, ఇదిగో ఇప్పుటికీ నెగనేదు. కాలిరిగి మంచంలో ఉండి కూడా ఏది ముందు కావాలో కనిపెట్టింది సూడండి, అదీ తల్లంటే!"

పోలమ్మ నోట్లో కూర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. ఊరుకుంటే సరిపోతుంది. సింహాచలానికి గౌరవమూ దక్కింది, పిల్లకు మాటా తప్పింది. చంకలో కుండ ఇచ్చి, ఇదీ వెనకాల పంపిందంటే ఎవరికి తెలుస్తుంది? కానీ ఎవరి సొమ్ము వాళ్ళకే అని నులకమంచం దగ్గర ఇన్నాళ్ళు బతికిన మనిషి. దేముడి తల్లి ఏరి కొన్న సొర మెప్పును ఇంకొకరి ఖాతాలో వేసి ఊరుకోలేకపోయింది.

"సొర సింహాచలం పంపనేదు వదినా" అని మొదలెట్టి, పసుపు గుడ్డ, కొళాయి, మహతో చెవులు, మెస్సు, రెండోసారి వండిన అన్నం, అన్నీ చెప్పేసింది. కుండను గడప మీద పెట్టి, తలొంచుకుని నిలబడింది.

 పోలమ్మ భయంగా తలెత్తింది. సూర్యకాంతం కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు ఆనుకుని, భుజాలు ఎగరేస్తూ నవ్వుతోంది. లోపల గదిలోంచి పద్మకుమారి నవ్వు కూడా వినిపించింది.

"ఓలమ్మో! మగోళ్ళు! కాయం తిని! మరి రేపు నాను ఎంతమందికి పురిటి స్నానం సెయ్యించాలమ్మా!"

ఆ నవ్వు తగ్గడానికి చాలా సేపు పట్టింది. ఇద్దరూ గడప మీదే కూచుని, ఒకరిని చూసి ఒకరు మళ్ళీ మొదలెట్టారు. చివరికి కళ్ళు తుడుచుకుని సూర్యకాంతం కుండ విప్పి, వేలితో కొంచెం తీసి నాలిక మీద వేసుకుంది. కనుబొమలు ఎత్తింది. "పాకం కుదిరింది. మా వియ్యపరాలు గట్టిదే."

పద్మకుమారి పిల్లాణ్ణి తెచ్చి పోలమ్మ ఒళ్ళో పెట్టింది. "రేపు అమ్మ బదులు నువ్వే పెట్టు పిన్నీ, మొదటి ముద్ద" అంది. "నువ్వు రావాల."

"తెల్లారగట్లేనా? బస్సులోనా?"

"మరి రైలేత్తారా మీకోసం సోనారీకి?" అంది సూర్యకాంతం.

వెళ్ళేటప్పుడు ఒక గిన్నెలో సొరపిట్టు పెట్టి ఇచ్చింది, తవిటయ్యకని. ఆదిబాబు బస్సును వీధి చివర ఆపి గుమ్మం దాకా వచ్చాడు. మౌసీ బస్సెక్కి వచ్చిన సంగతి అప్పటికే ఆ సర్దార్ కుర్రాడు చెప్పేశాడు. ఆదిబాబు పోలమ్మ చేతిని చూసి తల గోక్కున్నాడు.

"మౌసీ, ఇది సోనారీ రంగు. దీంతో నిన్ను స్టేషన్లో ఎలగ దించను? స్టేషన్ రంగేటి?"

పోలమ్మ ఆలోచించింది. స్టేషన్‌కు రంగు లేదు. అన్నీ అక్కణ్ణుంచి వెళ్ళేవే గానీ, తిరిగి వచ్చినది ఇంతవరకూ ఏదీ లేదు.

"ఉండండి" అని సూర్యకాంతం లోపలికి వెళ్ళింది. పిల్లాడి పొత్తిళ్ళ కోసం చింపిన తన పాత చీర మిగతా ముక్క తెచ్చింది. తెల్లచీర, వంకాయరంగు అంచు. అంచు మట్టుకు చించి, పోలమ్మ ముంజేతికి గట్టిగా ముడి వేసింది. "ఇదీ మీ రంగు. ఆదిబాబూ, పగలకుండా దించు."

స్టేషన్ దగ్గర తవిటయ్య బస్సులన్నీ వెతుక్కుంటూ తిరుగుతున్నాడు. పోలమ్మ దిగగానే చేయి పట్టుకుని చూశాడు. "ఏటిది? కొత్త లైనా?"

"మన లైనే. జాగ్రత్తగా దాసుంచు దాన్ని. అందరికీ సెప్పు, ఇక్కడికి రావాలంటే ఈ రంగని. ఆకుపచ్చది కూడా అట్టేపెట్టు, తెల్లారగట్ల మొదటి బస్సుకి ఎల్లాల." గిన్నె అతని చేతిలో పెట్టి, వసారా ఎక్కుతూ వెనక్కి తిరిగింది. "గోల్మురిలో గాజుల కొట్టుంది, తెలుసా నీకు? ఇన్నాళ్ళుండీ సెప్పనేదు!"

మర్నాడు పురిటి స్నానమయ్యాక, తలకు పట్టిన సాంబ్రాణి పొగ ఇంకా పోకముందే పద్మకుమారి పీట మీద కూచుని నోరు తెరిచింది. పోలమ్మ నల్లటి ముద్దను చిన్న ఉండ చేసి ఆ పిల్ల నాలిక మీద పెట్టింది. పద్మకుమారి ముఖం చిట్లించింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అలగ సేత్తావేటే?" అంది సూర్యకాంతం పక్కనుంచి. "టెల్కోలో మగోళ్ళు నవ్వుకుంటా తిన్నారంట. బారసాలకి ఆళ్ళనీ పిలిసినాను. ముందు నువ్వు ఈ ఉండ మింగు, ఆ బాలింతల ముందు మన పరువు తియ్యకు!"

మింగడం కుదరలేదు ఆ పిల్లకు. నవ్వాగాక మింగింది.